ఏడింటికి వచ్చిన నీళ్ళు

“గురువారం తెల్లవారుజామున నాలుగింటికి మీరెక్కడున్నారు?”

రాజరత్నం ఈ ప్రశ్న అడగడం అది మూడోసారి. శనివారం అడిగాడు, ఆదివారం అడిగాడు. ఇవాళ సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకే రామన్నపాడు వచ్చి మళ్ళీ అదే అడిగాడు.

ఈశ్వరయ్య వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. నాలుగు రోజులుగా సరిగ్గా నిద్రలేని మొహం. భార్య ఇంకా నరసరావుపేట ఆసుపత్రిలోనే ఉంది. బట్టలు తీసుకుపోవడానికి ఇంటికి వచ్చాడు.

“మీకు చెవుడా, నాకు మతిమరుపా ఎస్సై గారూ?” అన్నాడు. “మూడింటి నించి మా ఇంటిదానికి ఆయాసం. మంచం మీద కూకోబెట్టి వీపు రాస్తా ఉన్నా. నాలుగున్నరకి కారు తీసినా. ఐదూ యాభైకి ఆసుపత్రిలో చేర్పించినా. చీటీ చూపించా గదా!”

“చీటీ ఐదూ యాభై సంగతి చెబుతుంది. నేనడిగేది నాలుగింటి సంగతి.”

“నాలుగింటికి మా ఇంట్లో చీటీలు రాసేవాళ్ళు లేరు.”

రాజరత్నం నవ్వలేదు. ఎస్సైగా రిటైరై రెండేళ్ళయింది. నరసరావుపేటలో కోర్టుల దగ్గర ఒక గది తీసుకుని ‘డిటెక్టివ్’ అని బోర్డు పెట్టుకున్నాడు. ఎక్కువగా పెళ్ళి సంబంధాల వాకబులూ, తప్పిపోయిన మనుషులూ వస్తుంటాయి. హత్య అనుకోదగ్గ కేసు రావడం ఇదే మొదలు. తెచ్చింది రేవతి. నరసరావుపేటలోనే ఒక ఆసుపత్రిలో నర్సు. చనిపోయిన వీరయ్యకు ఒక్కతే కూతురు.

వీరయ్య లష్కరు. సాగర్ కుడి కాలువ నుంచి చీలి వచ్చే మేజరు కాలువ మీద గేటు ఎత్తడం, దించడం ఆయన పని. ఇరవై రెండేళ్ళుగా అదే గేటు. దాన్ని దించితే నీళ్ళు నిలబడి ఎగువన రామన్నపాడు తూములకు ఎక్కుతాయి. ఎత్తితే ఏడు కిలోమీటర్లు దిగువకు, చివరి ఊరు నల్లపాలేనికి పోతాయి. ఆ వారం గేటు దించే ఉంచాలని పైనుంచి ఆర్డరు. గురువారం పొద్దున తొమ్మిదీ నలభైకి గేటు సగం ఎత్తి ఉంది, దానికి రెండు కిలోమీటర్ల కింద వంతెన ఖానాలో వీరయ్య శవం ఇరుక్కుని ఉంది. కుడి కణత మీద దెబ్బ. ఊపిరితిత్తుల నిండా నీళ్ళు. రక్తంలో మందు. చావు నాలుగుకూ ఎనిమిదికీ మధ్య అన్నాడు డాక్టరు, నీళ్ళలో నానిన శవానికి అంతకన్నా ఖాయంగా చెప్పలేనన్నాడు.

ఆ ముందురోజు సాయంత్రం టీ కొట్టు దగ్గర, పదిమంది వింటుండగా, నీటి సంఘం అధ్యక్షుడు ఈశ్వరయ్య వీరయ్యతో అన్న మాట ఒకటుంది: “మా వంతు అవక ముందే గేటు ఎత్తావా, ఆ కాలవలోనే తొక్కుతా.”

“ఆ మాట అన్నారా లేదా?”

“అన్నా. అవసరమైతే మళ్ళీ అంటా. నోటి తీట వేరు, చేతి తీట వేరు.” ఈశ్వరయ్య ముందుకు వంగాడు. “ఇంతకీ నాలుగు నాలుగంటారు, ఆ నాలుగు యాడ దొరికింది మీకు?”

“గేటు ఎత్తిన మూడు గంటలకి నీళ్ళు నల్లపాలెం చేరతాయి. వీరయ్య రాసుకున్న పుస్తకంలో ఇరవై చోట్ల ఉంది. గురువారం నల్లపాలెంలో నీళ్ళు ఏడింటికొచ్చాయి. అంటే గేటు లేచింది నాలుగింటికి. ఎత్తడం మీరు చూశారు, వచ్చారు.”

“ఏడింటికొచ్చినయ్యని ఎవురు జెప్పారు?”

“చెప్పినవాళ్ళు చెప్పారు.”

“నల్లపాలెం ఆదిలక్ష్మమ్మ.” ఈశ్వరయ్య అవునా అని కూడా అడగలేదు. “నన్ను మూడుసార్లు అడిగారు. నల్లపాలెంలో ఏ ఒక్కరినన్నా, ‘ఆ పొద్దు నువ్వేడున్నావ్’ అని ఒక్కసారి అడిగారా?”

“వాళ్ళకేం అవసరం? నీళ్ళు లేక ఎండిపోయేది వాళ్ళే.”

“అయితే ఎండినోడు అబద్ధం ఆడడా? తడిసినోడే ఆడతాడా?”

రాజరత్నం లేచాడు. ఈ మనిషి అంటే తనకు గిట్టదు. ఆ సంగతి తనకీ తెలుసు. ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగంలో గిట్టని మనుషుల్ని చాలామందిని విచారించాడు. గిట్టకపోవడం వేరు, విచారణ వేరు అనే నమ్మకంతోనే ఆ ఉద్యోగం చేశాడు. తన తండ్రి కాలువ చివరి భూముల్లో కౌలు రైతు. ప్రతి ఏడూ కాలువ వైపు చూసి చూసి కళ్ళు కాయలు కాసిన మనిషి. అది కూడా కేసుకు సంబంధం లేని సంగతే అనుకున్నాడు.

*

పదింపావుకు గేటు దగ్గరికి చేరేసరికి పోలీసు జీపు అక్కడుంది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రవిచంద్ర గట్టు మీద నిలబడి ఉన్నాడు. పదకొండేళ్ళ కిందట ట్రైనీ ఎస్సైగా రాజరత్నం దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇప్పుడీ కేసు ఆయనదే. ప్రమాదవశాత్తు మరణం అని రాయడానికి సిద్ధంగా ఉన్నాడు.

“నమస్తే సార్. పొద్దున్నే రామన్నపాడు వెళ్ళారంట.”

“వార్త తొందరగానే వచ్చిందే.”

“ఈశ్వరయ్య ఫోన్ చేశాడు. వేధిస్తున్నారు అంటున్నాడు.” రవిచంద్ర గొంతులో కోపం లేదు, విసుగుంది. “సార్, మీరే నేర్పారు నాకు. పంచనామాలో విశేషణం ఉండకూడదన్నారు. కత్తి అని రాయి, దారుణమైన కత్తి అని రాయకు అన్నారు. మంచీ చెడ్డా కోర్టు చూసుకుంటుంది, మనం చూసింది మనం రాయాలి అన్నారు. ఇంతవరకూ నేను ఆ మాట దాటలేదు. మీరే దాటారు.”

“ఎక్కడ?”

రవిచంద్ర ఫోను తీసి ఒక ఫొటో చూపించాడు. గేటు కింద గోడ మీద నీటి మట్టం కొలవడానికి రాసిన గేజి అంకెలు, పక్కన పలక మీద సుద్దతో వేసిన తేదీ. గురువారం తేదీ. ఫ్లాష్ వెలుగులో అంకెలు స్పష్టంగా ఉన్నాయి. కింద కాలువ అడుగున ఎండిన బురద, పగుళ్ళు.

“లష్కర్లందరూ రోజూ ఆరింటికి గేజి ఫొటో తీసి ఇంజనీరు గారి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఇది వీరయ్య పెట్టింది. టైం చూడండి. ఆరూ రెండు. నాకు ఈ పొద్దే వచ్చింది.”

రాజరత్నం కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చూశాడు.

“ఆరూ రెండుకి గేటు మూసి ఉంది. కాలువ ఎండి ఉంది. వీరయ్య బతికి ఉన్నాడు. ఆ టైముకి ఈశ్వరయ్య నలభై కిలోమీటర్ల అవతల, ఆసుపత్రి కౌంటరు ముందు సంతకం పెడుతున్నాడు. మీ నాలుగు ఏమైంది సార్?”

నిన్న సాయంత్రమే రాజరత్నం రేవతికి ఫోన్ చేసి చెప్పాడు: నాలుగింటికి జరిగిందమ్మా, ఆ టైముకి ఈశ్వరయ్యకి సాక్ష్యం లేదు అని. ఆ పిల్ల ఫోనులో ఏడ్చింది.

“ఒక్క మాట అడుగుతా, కోపం తెచ్చుకోకండి,” అన్నాడు రవిచంద్ర. “మీకు నిజం కావాలా, ఈశ్వరయ్య కావాలా?”

మాట తగలాల్సిన చోటే తగిలింది. రాజరత్నం ఫోను తిరిగి ఇచ్చేసి, గేటు ప్లాట్‌ఫారం మెట్లెక్కాడు.

“తప్పు నాదే. నాలుగు కొట్టేస్తున్నా. ఇప్పుడు నీది చూద్దాం. నువ్వేమంటావు?”

“ఆరు తర్వాత ఎందుకో గేటు ఎత్తాడు. చుట్టం అడిగాడో, మందు మత్తో. ఎత్తేటప్పుడో దించేటప్పుడో హ్యాండిల్ తగిలింది, పడ్డాడు. తాగుబోతు సార్. ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు.”

“రక్తంలో మందు ఉందన్నది చూసిన సంగతి. తాగుబోతు అన్నది?”

“అదీ ఇదీ ఒకటే గదా.”

“ఒకటి కాదు. రా, ఇది చూడు.”

పాత గేటు. పైన పళ్ళ చక్రం, దానికి మూరెడు ఇనుప హ్యాండిల్, చక్రం పళ్ళలో పడే ఇనుప కొక్కెం. ఎత్తేటప్పుడు కొక్కెం ఒక్కో పన్నూ దాటుతూ గేటును జారకుండా పట్టుకుంటుంది. దించాలంటే కొక్కెం పైకి లేపాలి. లేపగానే గేటు బరువుకు హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరుగుతుంది. పక్క స్తంభానికి ఒక మేకు, మేకుకు ఒక గొలుసు వేలాడుతోంది.

రాజరత్నం ఆ గొలుసు తీసి హ్యాండిల్‌కు చుట్టి, రెండో కొస స్తంభానికి వేశాడు. స్తంభం మీద సిమెంటు అరిగి, గొలుసు మందాన ఒక గాడి పడి ఉంది. గొలుసు సరిగ్గా ఆ గాడిలో కూర్చుంది.

“ఇరవై రెండేళ్ళ గాడి ఇది. ఒంటరిగా గేటు దించే మనిషి ముందు గొలుసు వేస్తాడు, కొక్కెం లేపుతాడు, గొలుసు కొద్దికొద్దిగా వదులుతాడు. గురువారం మీవాళ్ళు తీసిన ఫొటోల్లో ఈ గొలుసు ఎక్కడుంది?”

రవిచంద్ర ఫోనులో వెతికాడు. “మేకుకే ఉంది.”

“ఇప్పుడు నువ్వు కొక్కెం మీద వంగు. హ్యాండిల్ నేను పట్టుకుంటా.”

రవిచంద్ర వంగి కొక్కెం లేపాడు. రాజరత్నం గొలుసు కొంచెం వదులు చేసి, హ్యాండిల్‌ను తన చేత్తో వెనక్కి నిదానంగా తిప్పి చూపించాడు. హ్యాండిల్ కొస వచ్చి రవిచంద్ర కుడి కణతకు బెత్తెడు దూరంలో ఆగింది.

“నిలబడ్డ మనిషికి ఇది రొమ్ము దాటి పైకి రాదు. వంగినవాడికే కణత మీద తగులుతుంది. వంగినవాడి చెయ్యి కొక్కెం మీద ఉంటుంది. గొలుసు వెయ్యలేదంటే, హ్యాండిల్ ఇంకో మనిషి చేతిలో ఉందని నమ్మాడు.”

“మత్తులో గొలుసు మర్చిపోయి ఉండొచ్చు గదా!”

“నీ ఫొటో మళ్ళీ చూడు. ఆరూ రెండుకి పలక మీద తేదీ మార్చాడు. అంకెలు కదలకుండా తీశాడు. గదిలో పుస్తకం తెరువు, ఆ రోజు రాత చూడు. ‘ఉ. 6.00 – మూత’. గీత మీద గీత నిలబెట్టి రాశాడు. రాత్రి తాగాడు, పొద్దున్నే డ్యూటీ చేశాడు. నువ్వు తాగుబోతు అని రాసుకున్నావు కాబట్టి గొలుసు వైపు చూడలేదు.”

రవిచంద్ర గది లోపలికి వెళ్ళి పుస్తకం చూసి వచ్చాడు. మొహం కొంచెం మారింది.

“మీరు ఈశ్వరయ్యని కామందు అని రాసుకున్నారు కాబట్టి టైం సరిచూసుకోలేదు,” అన్నాడు.

“అవును.”

రాజరత్నం వేళ్ళ మీద లెక్క వేసుకుంటున్నాడు. ఆరూ రెండుకు గేటు మూసి ఉంది. ఆ వెంటనే ఎత్తారనుకున్నా, మూడు గంటలు కలిపితే తొమ్మిది దాటాలి. తొమ్మిది లోపల నల్లపాలెంలో చుక్క నీరు ఉండటానికి వీల్లేదు.

“రవీ, నీళ్ళు ఎప్పుడొచ్చాయని నల్లపాలెంలో ఎవరినైనా అడిగావా?”

“యాక్సిడెంటుకి నల్లపాలెం దాకా ఎందుకు సార్?”

ఒకరు అడగలేదు. ఒకరు అడిగి, విన్నది సరిచూడలేదు. రాజరత్నం గొలుసు విప్పి మేకుకు తగిలించాడు.

“నాకొక గంట టైం ఇవ్వు.”

“ఎవరు సార్?”

“గంటలో చెబుతా.”

కారు ఎక్కాక ఆయనకు ఒక సంగతి తోచింది. అవతలి మనిషి ఈశ్వరయ్య అయి ఉంటే ఈ గంట అడిగేవాడు కాదు. అక్కడే పేరు చెప్పేవాడు.

*

నల్లపాలెం మొదట్లో రసూల్ గట్టు మీద పార కడుగుతున్నాడు. రెండెకరాల మిరప రైతు. రాజరత్నం కారు ఆపి, ఈసారి జవాబు అందించకుండా అడిగాడు.

“గురువారం పొద్దున ఏం జరిగిందో నీకు తెలిసినంత చెప్పు రసూల్.”

“ఏముంది సార్. ఏడూ ఐదుకి అక్క ఫోను జేసింది. నీళ్ళొస్తన్నయ్, అందరూ పారలు తీసుకుని రండిరా అంది. పోయినం. ఎండు కాలవలో కూకున్నం. తొమ్మిది దాటినాక వచ్చినయ్ నీళ్ళు.” ఫోను తీసి చూపించాడు. 7.05, ఆదిలక్ష్మక్క.

“మరి ఏడింటికే వచ్చాయని చెప్పారే!”

“అది అక్క చెప్పుంటది. నన్నెవరు అడిగారు సార్?”

ఆదిలక్ష్మమ్మ చేలోనే ఉంది. అరవై అయిదేళ్ళు. భర్త పోయిన దగ్గర్నుంచి మూడెకరాలు ఒంటిచేత్తో చేస్తోంది. చివరి భూములకు నీళ్ళివ్వాలని కాలువ గట్టు మీద పదకొండు రోజులు నిరాహారదీక్ష చేసిన మనిషి. అప్పట్లో ఆమెను లేపడానికి వెళ్ళిన ఎస్సై రాజరత్నమే. లేపకుండా, మంచినీళ్ళ కుండ పెట్టించి వచ్చాడు.

“రా తమ్ముడా,” అంది. “ఎండలో నిలబడ్డావే, ఆ చెట్టు నీడకి రా.”

“ఇక్కడే బాగుంది అక్కా. గురువారం నీళ్ళు ఎప్పుడొచ్చాయి?”

“చెప్పా గదా, ఏడు.”

“రసూల్ తొమ్మిది అంటున్నాడు. ఆరూ రెండుకి గేటు మూసి ఉన్నట్టు ఫొటో ఉంది. నువ్వు ఏడూ ఐదుకే నీళ్ళొస్తున్నాయని ఫోను చేశావు. కాలువలో రాని నీళ్ళు నీకెట్టా కనపడ్డాయి?”

ఆదిలక్ష్మమ్మ ఏరుతున్న మిరపకాయల్ని తట్టలో వేసింది. ఇంకో రెండు కోసి, అవీ వేసింది. తర్వాత గట్టు మీద కూర్చుంది.

“మూడు రోజులు చూశా, ఆ పొద్దు నేనేడున్నానో అడుగుతావని. అడగలా. నాకు చానా కష్టమయింది తమ్ముడా.”

“ఇప్పుడు అడుగుతున్నా.”

“ఇరవై రెండు రోజులైంది ఈ చేను నీళ్ళు తాగి. నువ్వే చూడు, కాయ ముడుచుకుపోయింది. గురువారం తెల్లారకముందే మోపెడ్ మీద గేటు కాడికి పోయా. వీరయ్యని బతిమిలాడా. ఒరే మరిదీ, నీ చుట్టాలవే గదరా ఈ చేలు అన్నా. ఆర్డరు లేదు వదినా అంటాడు. ఫొటో పెట్టేదాకా ఆగు, ఆనక అరగంట ఇస్తా అన్నాడు. అన్నట్టే ఎత్తాడు. మంచోడు. అరగంట అయింది. ఇంక దించాలె, ఎవరన్నా చూస్తే నా ఉద్యోగం పోద్ది, నువ్వు హ్యాండిల్ పట్టుకో అన్నాడు. పట్టుకున్నా.”

“గొలుసు?”

“గొలుసు తీయబోతే నేనే ఎందుకురా అన్నా. నేనుండగా గొలుసెందుకు అన్నా.”

రాజరత్నం తల వంచుకుని రాసుకుంటున్నాడు.

“వంగి కొక్కెం లేపాడు. హ్యాండిల్ పోయింది. వచ్చి ఆయన్ని కొట్టింది. కాలవలో పడ్డాడు. కొక్కెం మళ్ళీ పడి, గేటు సగంలో నిలబడింది.”

“జారిందా? వదిలావా?”

ముప్ఫై నాలుగేళ్ళలో ఈ ప్రశ్న ఆయన ఎందరినో అడిగి ఉంటాడు. రెండింటిలో ఏదో ఒక జవాబు వచ్చేది.

“తెలవదు,” అంది ఆదిలక్ష్మమ్మ. “నాలుగు రోజుల్నించీ అదే అడుక్కుంటన్నా. దించుతున్నాడే అని మనసులో మంట ఉంది. చేతికి గ్రీజు ఉంది. ఏది ముందో నాకే తెలవదు.”

“పడినాక?”

ఆమె కాలువ వైపు తిరిగింది. దూరంగా ఎవరో ఆవును అదిలిస్తున్నారు.

“బతికే ఉన్నాడు. గోడకి ఇనప కడ్డీ ఉంటది మెట్టులాగా, అది పట్టుకున్నాడు. నీళ్ళ ఉరవడి లాగుతా ఉంది. వదినా, గేటు దించు అన్నాడు. రెండుసార్లు. కొక్కెం లేపితే చాలు తమ్ముడా. ఒక్క వేలితో లేపితే గేటు దానంతటదే పడిద్ది, నీళ్ళాగుతయ్. నా చెయ్యి కొక్కెం మీదే ఉంది.”

“ఎంతసేపు?”

“వంద లెక్కపెట్టే అంత. ఇదిగో ఇప్పుడు లేపుతా, ఇంకాసిని నీళ్ళు పోనీ, ఇప్పుడు లేపుతా... ఆనక చూస్తే కడ్డీ మీద చెయ్యి లేదు.”

కలం ఆగింది. ఇన్నాళ్ళూ ఆయన రాసిన పంచనామాల్లో ఇలాంటి వాక్యానికి చోటు లేదు. ‘చెయ్యి కొక్కెం మీద ఉండెను, కొక్కెం లేపలేదు.’ అంతే రాస్తే ఒక్క విశేషణం ఉండదు. కానీ ఇరవై రెండు రోజుల ఎండు చేను రాయకపోతే ఆ చెయ్యి ఎందుకు ఆగిందో ఎవరికీ తెలియదు. రాస్తే వీరయ్య ప్రాణానికి చేనును బదులు చూపించినట్టవుతుంది. ఏది రాయాలో, ఏది వదలాలో చూసిన సంగతుల్లోనే దొరుకుతుందని ఇంతకాలం అనుకున్నాడు.

“నీళ్ళు రాలేదన్న సంగతి రాస్తావా?” అంది ఆమె, ఆయన మనసు చదివినట్టు.

“రాస్తా.”

“రాస్తే నా తప్పు తగ్గుద్దా?”

“తగ్గదు. రాయకపోతే నేను రాసింది సగమే అవుతుంది.”

ఆమె తల ఊపింది. “ఏడు అని చెప్తే ఈశ్వరయ్య మీదికి పోద్దని నాకు తెలుసు. తెలిసే చెప్పా. అట్టాంటోడే గదా, పోతే పోనీలే అనుకున్నా. నువ్వు గూడా అట్టాగే అనుకుంటావని తెలుసు.”

ఆమె ఉన్నది చెప్పింది. నిందగా కూడా చెప్పలేదు.

ఫోను మోగింది. రవిచంద్ర.

“సార్, ఎక్కడున్నా వెంటనే రామన్నపాడు రండి.” వెనకనుంచి అరుపులు వినబడుతున్నాయి. “రేవతి, వాళ్ళ బంధువులు, నల్లపాలెం జనం. అరవై మంది దాకా ఉన్నారు. ఈశ్వరయ్య ఇంటి గేటు పీకేశారు. ఆయనకి దెబ్బ తగిలింది. నా దగ్గర ముగ్గురే కానిస్టేబుళ్ళు. ఫోర్సు రావాలంటే నలభై నిమిషాలు పడుతుంది. నాలుగింటికే ఈశ్వరయ్య చంపాడని డిటెక్టివ్ చెప్పాడంట. అదే అరుస్తున్నారు.”

రాజరత్నం ఫోను దించాడు. ఆదిలక్ష్మమ్మకు మాటలన్నీ వినబడ్డాయి. తట్ట పక్కకు జరిపి, మోకాళ్ళ మీద చేతులూని లేచింది.

“బండి తియ్యి.”

“నువ్వు ఇక్కడే ఉండు అక్కా. స్టేషన్‌కి నేనే తీసుకుపోతా, ముందు అక్కడ...”

“నువ్వు చెప్తే వాళ్ళు ఇనరు. తియ్యి బండి.”

*

పన్నెండూ పదికి రామన్నపాడు చేరారు. ఈశ్వరయ్య ఇంటి ఇనుప గేటు నేల మీద పడి ఉంది. కారు అద్దాలు పగిలాయి. వరండా మెట్ల మీద రవిచంద్ర, ముగ్గురు కానిస్టేబుళ్ళు లాఠీలు అడ్డం పెట్టి నిలబడ్డారు. వాళ్ళ వెనక ఈశ్వరయ్య గోడకు ఆనుకుని కూర్చుని, తలకు తువ్వాలు అదుముకున్నాడు. తువ్వాలు ఎర్రబడింది.

అందరికన్నా ముందు రేవతి ఉంది. రాజరత్నాన్ని చూడగానే ఆయన వైపు తిరిగింది.

“అంకుల్, మీరే చెప్పండి. నాలుగింటికి ఈయన ఎక్కడున్నాడో చెప్పమనండి!”

రాజరత్నం జనంలోంచి నడిచి మెట్ల దాకా వెళ్ళాడు. ఆయన గొంతు పెద్దది కాదు. అయినా అందరికీ వినబడేలా చెప్పాడు.

“నాలుగు తప్పమ్మా. ఆరింటికి మీ నాన్న బతికే ఉన్నాడు. ఆ టైముకి ఈయన ఆసుపత్రిలో ఉన్నాడు. నేను సరిచూసుకోకుండా నీకు చెప్పాను. తప్పు నాది.”

ఆ వెంటనే వెనకనుంచి కేక.

“ఎవరి మనిషివిరా నువ్వు? నిన్న ఒకటి, ఇయ్యాల ఒకటా?”

రాయి వచ్చి ఆయన భుజానికి తగిలింది. ఇంకో రాయి వరండా స్తంభానికి. రవిచంద్ర కిందికి దిగి ఆయన్ని వెనక్కి లాగాడు. “అయితే ఎవరు సార్? చెప్పండి, ఇప్పుడన్నా చెప్పండి!” అన్నాడు చెవిలో.

కారు తలుపు తెరుచుకున్న చప్పుడైంది. “అక్కొచ్చింది, అక్కొచ్చింది,” అన్నారెవరో. జనం సర్దుకుని దారి ఇచ్చారు. తమ తరఫున మాట్లాడటానికే వచ్చిందనుకున్నారు. రసూల్ తమ్ముడెవరో రాయి కింద పెట్టి ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె విడిపించుకుని రేవతి ముందుకు వెళ్ళి నిలబడింది.

“రేవతీ, గురువారం పొద్దున గేటు కాడ మీ నాయనతో నేనున్నా.”

రేవతికి అర్థం కాలేదు. “ఎప్పుడు పెద్దమ్మా?”

“ఆయన పోయేటప్పుడు.”

వెనకవాళ్ళకు వినబడలేదు. ఏమంది, ఏమంది అని ముందుకు తోసుకున్నారు. ఆదిలక్ష్మమ్మ వాళ్ళ వైపు తిరిగి, గొంతు పెంచి, గేటు దగ్గర జరిగింది మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది. గొలుసు వద్దన్న దగ్గరికి వచ్చేసరికి అరుపులు ఆగిపోయాయి. కడ్డీ పట్టుకున్న చెయ్యి దగ్గరికి వచ్చేసరికి రేవతి రెండడుగులు వెనక్కి వేసింది.

రాళ్ళు మాత్రం ఇంకా చేతుల్లోనే ఉన్నాయి. రవిచంద్ర కానిస్టేబుళ్ళకు సైగ చేశాడు. రాజరత్నం రాయి తగిలిన తన భుజాన్ని పట్టుకుని మెట్లు దిగి, ఆదిలక్ష్మమ్మకూ జనానికీ మధ్యకు నడిచాడు. ఆమె చెప్పడం ఇంకా పూర్తికాలేదు.